'డెలిబరేట్' - త్రాసు ఎవరి చేతిలో?

ఇంగ్లీషులోని 'డెలిబరేట్' అనే మాటకు, త్రాసు అని అర్థమిచ్చే లాటిన్ పదం 'లిబ్రా' మూలమంటారు నిఘంటుకారులు. మనం 'తూచి మాట్లాడటం' అనడం లేదూ, అటువంటిదే. క్రియగా వాడితే మంచిచెడ్డలు బేరీజు వేయడం. విశేషణమైతే రెండర్థాలు: బుద్ధిపూర్వకంగా చేసినది వొకటి, తొందర లేకుండా నింపాదిగా చేసినది మరొకటి. నిఘంటువు యీ రెంటినీ పక్కపక్కన పెట్టి వూరుకుంటుంది. కాని మాటకు అసలు అర్థం తేలేది ప్రయోగంలోనే.

బడుల్లో వర్ణవిభజన రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పు చెప్పింది. అమలుకు నిర్ణీతమైన గడువు పెట్టమని వాదుల న్యాయవాది థర్గుడ్ మార్షల్ కోరారు. 1955 మే 31న కోర్టు గడువు పెట్టకుండా, 'ఆల్ డెలిబరేట్ స్పీడ్'తో అమలు జరగాలంది. దీన్ని తెలుగు చెయ్యబోతే 'నింపాదైన వేగం' అవుతుంది, నవ్వొస్తుంది. వేగమనే నామవాచకం వాదులకు దక్కింది, నింపాది అనే విశేషణం దక్షిణాది పాలకులకు దక్కింది. వారు దాన్ని గట్టిగా పట్టుకున్నారు.

వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, పిల్లల్ని కలిపి చదివించడం యిష్టంలేక, 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి వెలిసింది. నల్లపిల్లల్లో చాలామంది నాలుగేళ్లు చదువుకు దూరమయారు. 1964లో ఆ కేసు తీర్పు రాస్తూ జస్టిస్ హ్యూగో బ్లాక్, ఆలోచన మరీ ఎక్కువై వేగం చాలలేదని మందలించారు. 1969లో గాని కోర్టు ఆ సూత్రాన్ని వదిలి, తక్షణం అమలు జరపమనలేదు. 1955లో ఆరేళ్ల పిల్లకు అప్పటికి యిరవై యేళ్లు.

ఆలోచనకు వ్యవధి అక్కర్లేదా అంటారేమో. కావాలి. భవనాలు, రవాణా, సిబ్బంది, యివన్నీ కోర్టు పేర్కొన్న చిక్కులే, నిజమైనవే. కాని గడువులేని ఆలోచనకు మూల్యం చెల్లించేది ఆలోచించేవాడు కాదు, కాచుకు కూర్చున్నవాడు. నింపాదిగా చెయ్యమన్న పనిని బుద్ధిపూర్వకంగా చెయ్యకపోవడంతో, ఆ విశేషణం మొదటి అర్థంలోకి జారిపోయింది. దీనికి మన పల్లెల్లో ఎప్పటినుంచో మాట వుంది: మీనమేషాలు లెక్కించడం.

అంచేత 'డెలిబరేట్'ను అనువదించేవారు నిఘంటువు తెరిచేముందు చూడవలసింది వొకటుంది. త్రాసు పట్టినదెవరు, అది తేలేదాకా వాకిట నిలబడ్డదెవరు?