సోర్సు ముట్టకుండా గిటీని మలచడం

గిటీ గో భాషలో రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. కోడ్ రిపాజిటరీలను బయటి సేవలకు అప్పగించకుండా సొంత సర్వర్‌లోనే ఉంచుకోవాలనుకునే సంస్థలు, బృందాలు దీన్ని వాడతాయి. 2014లో మొదలైన గాగ్స్ అనే ప్రాజెక్టు నుంచి ఇది 2016లో చీలి వచ్చింది. 2022లో దీనిలోంచి ఫోర్జేయో విడివడింది. గిటీది ఎంఐటీ లైసెన్సు కనుక సోర్సును ఎవరు ఎలా మార్చుకున్నా అడ్డులేదు. అయినా అనుభవమున్న నిర్వాహకులు ఆ జోలికి అంత తేలిగ్గా పోరు. మార్చిన ప్రతి వరుసనూ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ సరిచూసుకోవాలి.

సోర్సు ముట్టనక్కర్లేకుండా గిటీలోనే ఒక ఏర్పాటు ఉంది. పేజీల టెంప్లేట్లు, బొమ్మలు, భాషా ఫైళ్లు అన్నీ ప్రోగ్రామ్‌లోనే ఇమిడి ఉంటాయి. అయితే వాటిని వాడేముందు గిటీ 'కస్టమ్' అనే డైరెక్టరీలో అదే దారిలో, అదే పేరుతో ఫైలుందేమో చూస్తుంది. ఉంటే దానిదే పైచేయి. లోగో మార్చాలంటే కొత్త ఎస్‌వీజీ బొమ్మను అక్కడ పెడితే చాలు. రంగులకైతే ఒక సీఎస్ఎస్ ఫైలు రాసుకోవాలి. కొత్త ఖాతాలు ఎవరు తెరవచ్చు, రిపాజిటరీలు మొదట్నుంచీ ప్రైవేటుగా ఉండాలా వంటివన్నీ 'యాప్ డాట్ ఐఎన్ఐ' ఫైల్లో తేలిపోతాయి. చాలామంది అవసరం ఇంతటితో తీరిపోతుంది.

టెంప్లేట్ల దగ్గరే చిక్కు. హోమ్ పేజీ టెంప్లేటును కాపీ చేసి నచ్చినట్టు దిద్దుకోవచ్చు. కానీ ఆ కాపీ ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. తర్వాతి వెర్షన్‌లో అసలు టెంప్లేటుకు కొత్త బటన్ చేరినా, లోపల ఒక వేరియబుల్ పేరు మారినా కాపీకి తెలియదు. అదృష్టం బాగుంటే పేజీ ఎర్రర్ చూపిస్తుంది, లేకుంటే ఏదో ఒక సదుపాయం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. అందుకే గిటీ కొన్ని ఖాళీ టెంప్లేట్లను ముందే వదిలిపెట్టింది. హెడర్, ఫుటర్, పై మెనూలో అదనపు లింకులు, రిపాజిటరీ పేజీలో అదనపు ట్యాబులు వీటిలో ఉన్నాయి. వీటిని నింపితే అసలు పేజీ మారదు, దానికి చేర్పు మాత్రమే జరుగుతుంది. సంస్థ నియమాల పేజీకి లింకు ఇవ్వడానికి హోమ్ పేజీ మొత్తాన్నీ కాపీ చేసుకోవడం అనవసరపు బరువు.

భాషా ఫైళ్లదీ ఇదే పద్ధతి. మెనూలు తెలుగులో కనిపించాలంటే అనువాద ఫైలును కస్టమ్ డైరెక్టరీలో పెట్టి, సెట్టింగుల్లోని భాషల జాబితాకు తెలుగును చేర్చాలి. అనువాదం లేని మాటలు ఇంగ్లిష్‌లోనే వస్తాయి కాబట్టి పని కొద్దికొద్దిగా చేసుకోవచ్చు. మార్క్‌డౌన్ కాక ఆస్కీడాక్ వంటి రూపాల్లో రాసిన పత్రాలను చూపించడానికి బయటి రెండరర్‌ను జతచేయవచ్చు. అది ఇచ్చిన హెచ్‌టీఎమ్ఎల్‌లో అనుమతి లేని ట్యాగులను గిటీ తీసేస్తుంది. కొన్ని బొమ్మలు, సూత్రాలు సరిగా కనబడకపోవడానికి తరచు ఇదే కారణం.

రూపం సంగతి అలా ఉంచితే, పనితీరును మార్చడానికి పాత మార్గం గిట్ హుక్ అనే స్క్రిప్టు. పుష్ లోపలికి రాకముందే ప్రీ-రిసీవ్ స్క్రిప్టు దాన్ని పరీక్షించి తిప్పికొట్టగలదు. అయితే ఆ స్క్రిప్టు సర్వర్‌లో గిటీ నడిచే యూజర్ అధికారంతోనే నడుస్తుంది. అంటే హుక్ రాయగలిగినవారు డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా చదవగలరు. వెబ్ పేజీలోంచి హుక్‌లు దిద్దే వీలును గిటీ డిఫాల్ట్‌గా మూసే ఉంచుతుంది. ఆ జాగ్రత్త అతి కాదు.

వెబ్‌హుక్‌లో ఆ ప్రమాదం లేదు. పుష్ జరిగిందన్న కబురును గిటీ జేసన్ రూపంలో మరో సర్వర్‌కు పంపుతుంది. రహస్య తాళంతో వేసిన హెచ్‌మ్యాక్ సంతకం దానికి తోడుంటుంది కనుక నకిలీ కబుర్లను పట్టుకోవచ్చు. పుష్ అయిపోయాక వచ్చే కబురు పుష్‌ను ఆపలేదు, నిజమే. కానీ కబురు అందుకున్న ప్రోగ్రామ్ పరీక్షలు జరిపి, ఏపీఐ ద్వారా ఆ కమిట్‌కు 'నెగ్గింది' లేదా 'తప్పింది' అని గుర్తు వేయగలదు. ప్రధాన బ్రాంచికి రక్షణ పెట్టి, ఆ గుర్తు లేనిదే మెర్జ్ కాకూడదని నియమిస్తే హుక్‌తో సాధించాలనుకున్నది చాలావరకు నెరవేరుతుంది. తనిఖీ కోడ్ ఏ భాషలోనైనా ఉండవచ్చు, అది చెడినా గిటీ నిలుస్తుంది. 2023లో 1.19 వెర్షన్‌తో వచ్చిన యాక్షన్స్ అనే సదుపాయం ఈ అల్లికనే లోపలికి తెచ్చింది. పనులు నడిపే రన్నర్ మాత్రం వేరే ప్రోగ్రామే. దాన్ని గిటీ ఉన్న యంత్రంలోనే పెట్టడం మళ్లీ పాత ప్రమాదాన్ని పిలవడమే.

డేటాబేస్ నిర్మాణాన్నో అనుమతుల పద్ధతినో మార్చాల్సి వచ్చినప్పుడు ఈ మార్గాలేవీ చాలవు, సోర్సు తెరవాల్సిందే. అప్పుడు కూడా మార్పులను చిన్న చిన్న ప్యాచులుగా విడదీసి, అందరికీ పనికొచ్చేవాటిని అసలు ప్రాజెక్టుకే పంపుతారు. అక్కడ చేరిన ప్యాచును తర్వాతి వెర్షన్లలో ఆ ప్రాజెక్టే మోస్తుంది. చేరనివాటిని ప్రతి భద్రతా విడుదలప్పుడూ కొత్త కోడ్ మీద తిరిగి కూర్చి, పరీక్షించి, బిల్డ్ చేసుకోవాలి.