పదకొండు అంతరాయాలు

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనై ఇంటికొచ్చాక రాత్రిళ్ళు ఆమె మంచం పక్కన నేలమీద నేనే పడుకున్నాను. బెడ్‌పాన్ పెట్టడం, పక్కకి తిప్పడం, మంచినీళ్ళు, "ఎంతయిందే అమ్మాయ్ టైము" అన్నప్పుడల్లా చెప్పడం. చేతికి మా అమ్మాయి కొనిచ్చిన వాచీ ఉంది. మూడోవారంలో అమ్మాయే ఆ వాచీ లెక్కలన్నీ ఫోనులో ఉన్న ఒక ఏఐ సహాయకుడికి (సహాయకురాలేమో!) కలిపింది. "ఇక నీ ఒంటి గురించి ఏమైనా అడుగమ్మా, అన్నీ దానికి తెలుసు" అంది.

నిద్ర గురించి అడిగాను. చక్కటి తెలుగులో పేజీన్నర నివేదిక వచ్చింది. రాత్రికి సగటున పదకొండు అంతరాయాలట. పడుకునేముందు ఫోను చూడటం మానమంది. గది చీకటిగా, చల్లగా ఉంచుకోమంది. పది నిమిషాలు ధ్యానం చెయ్యమంది.

నాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. నిద్రపోవడం కూడా చేతకానిదాన్నా అనిపించింది. ఆ సిగ్గు ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దామనే దాన్ని మళ్ళీ చదివాను, ఒక కథని చదివినట్టు.

కొట్టొచ్చినట్టు కనిపించింది కర్త. ప్రతి వాక్యంలోనూ కర్త "మీరే". మీరు తక్కువ నిద్రపోయారు, మీరు తక్కువ నడిచారు, మీరు మెరుగుపరచుకోవచ్చు. ఆ ఇంట్లో ఇంకో మనిషి లేదు. అత్తగారు లేరు. పక్కగదిలో తలుపేసుకు పడుకున్న ఆమె కొడుకు లేడు. (ఆయనే వాచీ పెట్టుకునుంటే నిద్రకి తొంభై మార్కులొచ్చేవి.) పాత్రని ఇలా ఇంటినుంచీ బంధాలనుంచీ ఊడబెరికి, తప్పంతా ఆమె అలవాట్లలో వెతికే కథ ఎవరైనా రాస్తే మనం ఊరుకుంటామా? నేను చేసిన పని పేరు ఆ నివేదికలో "అంతరాయం". సేవ అనే మాట కాదు, శ్రమ అనే మాట అసలే కాదు.

నిజానికి వాచీకి నిద్రంటే తెలీదు. చేతి కదలికని బట్టీ, చర్మంలోకి ఆకుపచ్చ వెలుతురు పంపి చూసిన నాడిని బట్టీ ఊహిస్తుంది. అడుగుల లెక్కా ప్రధానంగా చేతి ఊపుని బట్టే. అందుకే రెండు చేతులా చక్రాలకుర్చీ తోస్తూ నడిస్తే చాలా అడుగులు లెక్కకి రావు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాల్ని పరీక్షించారు. గుండెవేగం ఆరింట్లో బాగానే కుదిరింది కానీ, ఖర్చయిన కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనదే 27 శాతం తప్పింది. ఇక ఆ పదివేల అడుగుల లక్ష్యం 1965లో జపాన్‌లో ఒక కంపెనీ తన పరికరానికి పెట్టుకున్న పేరు. వైద్యులు తేల్చిన కొలత కాదు.

అయితే వాచీ అంకె చూపించి ఊరుకునేది. ఏఐ ఊరుకోదు, ఆ అంకెకి కారణం చెబుతుంది, ఓదారుస్తుంది, హెచ్చరిస్తుంది. అనుమానంగా ఉన్న అంకె నమ్మకంగా పలికే వాక్యమైపోతుంది. 2026 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి ఒకాయన తన పదేళ్ళ వాచీ లెక్కల్ని చాట్‌జీపీటీకి ఇచ్చి గుండెకి గ్రేడు వెయ్యమంటే "ఎఫ్" వేసింది. డాక్టరు కాదన్నారు. మళ్ళీమళ్ళీ అడిగితే "బి" దాకా మారింది. గుండె అదే, లెక్కలవే!

స్త్రీల విషయంలో ఇంకో చిక్కు. 2014లో ఆపిల్ ఆరోగ్యాన్నంతా లెక్కించే యాప్ తెచ్చినప్పుడు అందులో నెలసరికి చోటు లేదు, మరుసటేడు చేర్చారు. లెక్కలో లేమని బాధపడ్డాం. 2022లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుని కొట్టేశాక, లెక్కలో ఉన్నామని అక్కడి ఆడవాళ్ళు భయపడి ఆ యాప్‌లు తీసేశారు. మన 2023 డేటా రక్షణ చట్టం ఆరోగ్య వివరాల్ని ప్రత్యేకమైన, సున్నితమైన కోవగా విడదీయలేదు. నా నెలసరి తేదీకీ నా కొరియర్ చిరునామాకీ ఒకటే వరస.

ఇదంతా ఆలోచిస్తుంటే పాత అలమార్లోని "సవాలక్ష సందేహాలు" గుర్తొచ్చింది. 1990ల తొలినాళ్ళలో హైదరాబాద్ స్త్రీలు తెచ్చిన ఆరోగ్య పుస్తకం. బోస్టన్ స్త్రీల బృందం 1970ల్లో వేసిన "అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్" దారిలో వచ్చింది. ఆ ఇంగ్లీషు పేరులోనే "మన" ఉంది. ఒకామె సందేహం ఇంకొకామెది కూడా అని తెలిసినప్పుడు సిగ్గు పోతుంది. ఇప్పుడు ఎవరి సందేహం వాళ్ళు ఎవరి ఫోనులో వాళ్ళు అడుగుతున్నాం. జవాబు తొందరగానే వస్తోంది, కాదనను. అర్ధరాత్రి రెండింటికి డాక్టరు దొరకనప్పుడు నేనూ అడిగాను, అత్తగారి కాలివాపు గురించి. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళమని సరిగ్గానే చెప్పింది.

మన ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారని తేలింది. అది మొరటు సర్వేయే కావచ్చు, కానీ "ఆ టైములో ఏం చేశావమ్మా" అని అడుగుతుంది. నా వాచీ ఎంతసేపు, ఎన్నిసార్లు అనే గానీ ఏం చేశానో ఎప్పుడూ అడగలేదు.

చివరికి నేనే చెప్పాను. మా అత్తగారిని చూసుకుంటున్నాను, లేచింది అందుకు, అని. వెంటనే క్షమాపణ చెప్పి, "ఈ బాధ్యతని ఇంట్లో మరొకరితో పంచుకునే వీలుందా?" అని రాసింది. మంచి ప్రశ్నే. మళ్ళీ నన్నే అడిగింది. ఫోను తీసుకెళ్ళి ఆ వాక్యం మా ఆయనకి చదివి వినిపించాను. నేను అదే మాట రెండు వారాలుగా చెబుతున్నాను, కానీ మిషను చెబితే విన్నాడు. మంగళ, శుక్రవారాలు వాళ్ళమ్మ దగ్గర పడుకున్నాడు.

ఆ రెండు రోజులూ వాచీ నన్ను మెచ్చుకుంది, నిద్ర అలవాట్లు బాగా మార్చుకున్నారని.