అవిశ్వాస వ్యక్తీకరణ: ఇంగ్లీషు, స్లొవేనియన్ భాషల తులనాత్మక పరిశీలన

ఇంగ్లీషులోని 'మిస్‌ట్రస్ట్' అనే మాటకు స్లొవేనియన్‌లో 'నెజాఉపాన్యె' సమానార్థకం. నామవాచకాల వరకు ఈ సమీకరణం చెల్లుతుంది. క్రియల దగ్గర చెల్లదు. ఈ భేదాన్ని గుర్తించని అనువాదంలో వక్త వైఖరే మారిపోతుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

'ట్రస్ట్' స్కాండినేవియన్ మూలం నుంచి ఇంగ్లీషులో చేరిన మాట. దానికి దేశీయమైన 'మిస్' చేరితే 'మిస్‌ట్రస్ట్', లాటిన్ మూలమైన 'డిస్' చేరితే 'డిస్‌ట్రస్ట్'. రెండోది మిశ్ర పదం. సంస్కృత ఉపసర్గ తెలుగు మాటతో కలిసిన మన 'అపనమ్మకం' వంటిది. అనుభవం వల్ల కలిగేది 'డిస్‌ట్రస్ట్' అనీ, కారణం చెప్పలేని శంక 'మిస్‌ట్రస్ట్' అనీ కొందరు విభజిస్తారు గాని, వాడుక ఆ హద్దును కచ్చితంగా పాటించదు. రెండూ నామవాచకాలుగానే కాక క్రియలుగానూ నిలుస్తాయన్నదే ఇక్కడ ముఖ్యం.

స్లొవేనియన్‌లో 'ఉపాతి' అంటే ఆశించడం. దానికి 'జా' అనే ఉపసర్గ చేరిన 'జాఉపాతి'కి నమ్మడం, నమ్మి అప్పగించడం అని అర్థాలు. ఒకరికి రహస్యం చెప్పుకోవడానికీ ఇదే క్రియ. నమ్మకానికి పాత్రుడైన వ్యక్తి చతుర్థీ విభక్తిలో ఉంటాడు. అందుచేత నమ్మకం ఒకరిని గురించిన అభిప్రాయంగా కంటే ఒకరికి ఇచ్చే వస్తువుగా భాసిస్తుంది.

ఇంగ్లీషు వక్త 'అతన్ని నమ్మను' అనే వ్యతిరేక వాక్యాన్నీ, 'అతన్ని శంకిస్తున్నాను' అనదగిన 'ఐ మిస్‌ట్రస్ట్ హిమ్' అనే నిశ్చయార్థక వాక్యాన్నీ వేరుచేసి చెప్పగలడు. మొదటిది నమ్మకం లేమి. రెండోది క్రియాశీలమైన శంక. స్లొవేనియన్‌లో ఆ ధాతువుతో సాధారణంగా చెప్పేది 'నె జాఉపామ్ ము' అన్న వ్యతిరేక వాక్యమే. శంకను విడదీయాలంటే 'నెజాఉప్లివ్' అనే విశేషణాన్నో, అనుమానించడమనే అర్థంగల 'సూమితి' అనే వేరే క్రియనో ఆశ్రయించాలి. తెలుగు స్థితీ ఇటువంటిదే: 'అపనమ్మకం' ఉంది గాని దానినుంచి ఏర్పడిన క్రియ లేదు; 'నమ్మను' అనే అంటాం.

కాబట్టి 'నె జాఉపామ్ ము' అన్న మాటను ఇంగ్లీషు అనువాదకుడు 'ఐ మిస్‌ట్రస్ట్ హిమ్' అని రాస్తే, నమ్మకాన్ని ఇవ్వక ఊరుకున్న మనిషి వేలెత్తి చూపే మనిషిగా మారతాడు. ఆ ఇంగ్లీషు పాఠం మీదుగా తెలుగు చేస్తే 'నమ్మను' అని సరిపోయేచోట 'అనుమానిస్తున్నాను' అని పడుతుంది. మూలానికీ తెలుగుకూ ఉన్న సహజసామ్యం మధ్యవర్తి భాషలో నశిస్తుంది.

అయితే వ్యాకరణం నుంచి జాతి స్వభావాన్ని ఊహించడం పొరపాటు. 1991 నాటి స్లొవేనియా రాజ్యాంగం 116వ అధికరణం ప్రకారం, కొత్త ప్రధానమంత్రిని ఎన్నుకోవడం ద్వారానే శాసనసభ ప్రభుత్వంపై అవిశ్వాసం ప్రకటించగలదు. దీని పేరు 'నెజాఉప్నిత్స'. ఒకరి నుంచి తీసిన నమ్మకాన్ని మరొకరికి ఇవ్వాలన్న ఈ నియమం 'జాఉపాతి' అర్థానికి ఫలమని అనిపించవచ్చు. కాని 1949 నాటి జర్మన్ మౌలిక శాసనం 67వ అధికరణంలోనూ ఇటువంటి నియమమే ఉంది; జర్మన్‌లోనేమో ఇంగ్లీషులాగే శంకకు 'మిస్‌ట్రావెన్' అనే ప్రత్యేక క్రియ ఉంది. కనుక ఆ నియమానికి కారణాన్ని భాషలో వెతకనక్కరలేదు.

భాష నిర్ణయించేది ఆలోచనను కాదు, వాక్యంలో వక్త నిలిచే చోటును. అనువాదకుడు మొదట కాపాడవలసింది ఆ చోటునే.