పునరుత్థానము: సాక్ష్యమునకు కొలబద్ద

జంషెడ్‌పూర్‌కు ఉక్కు కర్మాగారపు పనికై తరలివచ్చి స్థిరపడిన తెలుగువారిలో క్రైస్తవులును ఉన్నారు. ఈస్టరునాడు వారు క్రీస్తు పునరుత్థానమును స్మరింతురు. ఆ విశ్వాసము వేరు. దానిని నిరూపిత చరిత్రగా చూపు వాదము వేరు. ఇచట విమర్శ్యము రెండవదే.

ఆ వాదమునకు తొలి లిఖితాధారము సుమారు క్రీ.శ. 55లో పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక. సిలువ ఘటనకు అది దాదాపు 25 ఏండ్ల తరువాతిది. క్రీస్తు 500 మందికి పైగా కనబడెనని అందున్నది. వారి వాఙ్మూలములు మాత్రము మనకు దక్కలేదు. మార్కు సువార్త 4వ శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతులలో 16వ అధ్యాయము 8వ వచనముతో, స్త్రీలు భయపడి సమాధినుండి పారిపోవుటతో, ముగియును. దర్శన వృత్తాంతములు గల 9–20 వచనములు వాటిలో లేవు. శిష్యులు దృఢముగా నమ్మిరనుటకు ఈ ఆధారములు చాలును. మృతదేహము లేచెననుటకు చాలవు.

ఇదే కొలబద్ద బౌద్ధావశేషములకును వర్తించును. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపమున వెలికితీసిన కరండపు శాసనము, అది బుద్ధధాతువులకై చేయబడినదని తెలుపుచున్నది. దాతల నమ్మకమునకు అది దృఢప్రమాణము. ఆ ధాతువు బుద్ధునిదే యనుటకు కాదు. కరండమునకు మినహాయింపు ఇచ్చినచో సువార్తపై చేయు విమర్శ మతవాదమగును గాని చరిత్ర కాజాలదు.