చిత్రకథయందు చరిత్రసత్యము

సారా స్టూవర్ట్ టేలర్ రచించి, బెన్ టోల్ చిత్రించిన ‘అమీలియా ఇయర్‌హార్ట్: దిస్ బ్రాడ్ ఓషన్’ బాలబాలికలకై 2010లో వెలువడిన బొమ్మలకథ. జీవితచరిత్రలు సాధారణముగా జననముతో ఆరంభమగును. ఇందు ప్రధానవస్తువు 1928లో న్యూఫౌండ్లాండునందలి ట్రెపాసీ గ్రామమున విమానము ఎగురుటకై ఆమె వేచియున్న దినములు. వానిని గ్రేస్ అను కల్పితబాలిక కన్నులతో చూపిరి.

చరిత్రలో కల్పితసాక్షికి తావు కలదా? కలదనియే తోచును. కాని ఆ సాక్షి చెప్పు సంగతులు కల్పితములు కారాదు. జూన్ 17న బయలుదేరి మరునాడు వేల్స్ తీరజలములపై వ్రాలిన ఆ విమానమును నడిపినవాడు విల్మర్ స్టల్జ్. ఇయర్‌హార్ట్ అందు ప్రయాణికురాలు మాత్రమే. ఆమె ఒంటరిగా అట్లాంటిక్‌ను దాటినది 1932లో. అనగా కీర్తి ముందు లభించినది. దానికి తగిన కార్యమును ఆమె నాలుగేండ్లకు సాధించినది.

వీరగాథగా వ్రాయువారు ఈ క్రమమును మరుగుపరతురు. అందుచే బాలపాఠకులకు పూజింపదగిన విగ్రహమే మిగులును. 1928నాటి నిరీక్షణను కథావస్తువుగా గ్రహించుటచే ఈ గ్రంథము, ఇంకను అట్లాంటిక్‌ను దాటని స్త్రీని వారి యెదుట నిలిపినది. బాలసాహిత్యమునందలి జీవితచరిత్రలను పరిశీలించువారు గమనింపదగిన గుణమిది.