జొన్నగిరి బంగారానికి లెక్క కట్టేవాళ్లు

తొలకరి వాన పడి నేల కాస్త ఆరగానే గుంతకల్లు చుట్టుపక్కల మనుషుల నడక మారిపోతుంది. వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని అడుగులో అడుగేస్తూ, వాన కడిగిన గులకరాళ్లలో మెరుపు కోసం వెతుకుతుంటారు. పిల్లాజెల్లాతో వచ్చి చెట్టు కింద పొయ్యి వెలిగించుకునేవాళ్లూ ఉంటారు. ఆరుతడి పైరు కూడా గ్యారంటీ లేని నేల ఇది. ఇక్కడ వానంటే విత్తనం పదునొక్కటే కాదు, ఒక్క రాయి దొరికితే అప్పులన్నీ తీరిపోతాయన్న ఆశ కూడా.

ఆ రాయి వజ్రమే అయినా, జొన్నగిరి మట్టిలో అరుదుగా తళుక్కుమనే బంగారు రేణువే అయినా, రెండింటి పుట్టుకలోనూ ఒక విడ్డూరం ఉంది. వాటిని తయారుచేసిన పరమాణు కేంద్రకాలు ఎక్కువకాలం బతకనివి. ఏ మట్టిలోనూ దొరకవు, ఏ సీసాలోనూ దాచలేం. అలాంటి వాటి గురించి కాగితం మీదా కంప్యూటర్లోనూ లెక్క కట్టే విద్య ఒకటుంది. దాన్ని అసాధారణ కేంద్రకాల సిద్ధాంతం అంటారు. మన నేలకు ఇంత దగ్గరి చదువు మరొకటి లేదని నా నమ్మకం.

గుంతకల్లు నుంచి డోన్ వైపు పోయే రైలు దారిలో మద్దికెర తర్వాత తుగ్గలి వస్తుంది. జొన్నగిరి ఆ మండలంలోదే. అశోకుడి కాలపు సువర్ణగిరి ఇదేనని చెప్పే చరిత్రకారులున్నారు. పక్కనే ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఇప్పటికీ చదవొచ్చు. 1929లో వాటిని గుర్తించిన మనిషి చరిత్రకారుడు కాదు, రాళ్లు చూడ్డానికొచ్చిన భూగర్భ శాస్త్రవేత్త. పాత శిలల పగుళ్లలోకి భూమి లోపలి వేడినీళ్లు పారి, చల్లారేటప్పుడు తెల్లటి పలుగురాయితో పాటు బంగారాన్ని వదిలేశాయని భూగర్భ శాస్త్రం చెబుతుంది. అంటే బంగారం ఇక్కడికి ఎలా చేరిందో తెలిసింది. అసలది బంగారంగా ఎలా పుట్టిందన్న ప్రశ్న మాత్రం రాళ్ల దగ్గర తేలేది కాదు.

బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు ఉంటాయి. మొత్తం 197. ప్రకృతిలో నిలకడగా ఉండే బంగారం ఈ ఒక్క రకమే. సూర్యుడిలాంటి నక్షత్రాలు తేలిక కేంద్రకాలను కలుపుతూ బతుకుతాయి. ఎంత పెద్ద నక్షత్రమైనా ఇనుము దగ్గరికి వచ్చేసరికి ఆ పొయ్యి ఆరిపోతుంది, అక్కడి నుంచి కలిపినకొద్దీ శక్తి రాదు, ఖర్చవుతుంది. మరి ఇనుముకన్నా ఎంతో బరువైన బంగారం ఎక్కడిది? 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ కలిసి రాసిన పెద్ద వ్యాసంలో, అదే ఏడాది కామెరాన్ విడిగా చేసిన పనిలో దారి దొరికింది. న్యూట్రాన్లకు విద్యుదావేశం లేదు, కాబట్టి కేంద్రకం వాటిని తోసెయ్యదు. న్యూట్రాన్లు కుండపోతగా కురిసే చోట ఒక కేంద్రకం వాటిని ఒకదాని వెంట ఒకటి మింగుతూ పోతుంది. మింగిన న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేలోపే ఇంకొకటి వచ్చి పడుతుంది.

ఈ వరద ఎక్కడ ఆగుతుందన్నదే అసలు మర్మం. న్యూట్రాన్ల లెక్క 126కి చేరగానే కేంద్రకం లోపలి ఒక పొర నిండిపోతుంది. ఇంకో న్యూట్రాన్‌ను పట్టుకోవడానికి దానికి ఆసక్తి తగ్గుతుంది, ప్రవాహం అక్కడ మడుగు కడుతుంది. ఆ మడుగులోంచి ఒక్క కేంద్రకాన్ని తీసుకుందాం: 71 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, కలిపితే 197. పేరుకది లుటీషియం, మనకు తెలిసిన లుటీషియం మాత్రం కాదు, న్యూట్రాన్లతో ఉబ్బిపోయినది. వరద తగ్గాక దానిలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది, ఒక ఎలక్ట్రాన్ బయటికి పోతుంది. ఇప్పుడు ప్రోటాన్లు 72. ఇంకోసారి, 73. అలా ఎనిమిది మెట్లెక్కితే 79. అక్కడ ఆగిపోతుంది, ఇంక మారదు. జొన్నగిరి రేణువులోని బంగారు పరమాణువుల్లో చాలావాటి పూర్వజన్మ ఇలాంటిదే.

న్యూట్రాన్లు అలా కుండపోతగా కురిసే చోటు నిజంగా ఉందా? 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలను భూమ్మీది పరికరాలు పట్టుకున్నాయి. దూరం దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. తర్వాతి రోజుల్లో ఆ చోట కనిపించిన వెలుగు నీలం నుంచి ఎరుపుకు తిరిగిన తీరు చూసి, బరువైన మూలకాలు అక్కడ పుట్టాయని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తేల్చడం వెనక టెలిస్కోపు ఎంత ఉందో లెక్కలూ అంతే ఉన్నాయి. ఏ కేంద్రకం ఎంతసేపు బతుకుతుంది, ఎంత గట్టిగా కట్టుబడి ఉంటుంది, న్యూట్రాన్‌ను ఎంత త్వరగా మింగుతుంది అన్నవి తెలియకపోతే ఆ వెలుగు వట్టి వెలుగే.

ఇక్కడే సిద్ధాంతవేత్తకు పని పడుతుంది. నిలకడగా ఉండే కేంద్రకాలు సుమారు 250. ప్రయోగశాలల్లో ఇంతవరకు చూసినవన్నీ కలిపితే మూడువేల పైచిలుకు. కట్టుబడి ఉండగలిగేవి దాదాపు ఏడువేలు ఉండొచ్చని 2012లో ఒక అంతర్జాతీయ బృందం లెక్కగట్టింది. అంటే సగానికి పైగా ఎవరూ చూడనివి. బంగారాన్ని కన్న మడుగు ప్రాంతంలో చాలావాటిని ఇప్పటికీ ఏ యంత్రమూ తయారుచేయలేదు. చూడని వాటి గురించి నమ్మకంగా మాట్లాడాలంటే చూసినవాటితో సానపట్టిన పద్ధతులు కావాలి.

మొదటి పద్ధతి కేంద్రకాన్ని నీటిబొట్టులా చూడటం. 1930లలో వైజాకర్, బెథే చేసిన పని. ఉపరితలం ఎంత, ప్రోటాన్ల మధ్య వికర్షణ ఎంత అని కూడికలు, తీసివేతలు చేస్తే బరువు చాలావరకు సరిపోతుంది. అయితే కొన్ని అంకెల దగ్గర మాత్రం ఈ లెక్క మొండికేస్తుంది: 2, 8, 20, 28, 50, 82, 126. అక్కడ కేంద్రకాలు లెక్క చెప్పిన దానికన్నా గట్టిగా ఉంటాయి. 1949లో మరియా గోపర్ట్ మేయర్, యెన్సన్ విడివిడిగా దీనికి కారణం చెప్పారు. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ పొరలు పొరలుగా సర్దుకుంటాయి. ప్రతి కణం తన చుట్టూ తాను తిరిగే తీరుకూ, కక్ష్యలో తిరిగే తీరుకూ బలమైన ముడి ఉంది. ఆ ముడిని లెక్కలోకి తెస్తే అంకెలన్నీ వాటంతటవే వచ్చాయి. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది.

పాఠ్యపుస్తకం అక్కడితో ఆపుతుంది, అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. న్యూట్రాన్లు మితిమీరిన కేంద్రకాల్లో ఈ అంకెలు చెదిరిపోతున్నాయి. 20 న్యూట్రాన్లున్న మెగ్నీషియం-32 గుండ్రంగా ఉండాల్సింది, సాగిన ఆకారంలో తేలింది. ఆక్సిజన్-24లో పాత పట్టికలో లేని 16 గట్టి అంకెగా నిలిచింది. 8 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లున్న ఆక్సిజన్-28 రెండు వైపులా నిండినది కాబట్టి గట్టిగా నిలవాలనుకున్నారు, 2023లో జపాన్ ప్రయోగంలో అది పుట్టీ పుట్టగానే విడిపోయింది. ప్రోటాన్, న్యూట్రాన్‌ల మధ్య బలం పొరల ఎత్తుల్ని అటూఇటూ జరుపుతుందని సిద్ధాంతం వివరించగలిగింది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ అవతలి అంచున 126 కూడా బలహీనపడి ఉంటే, మడుగు చోటు మారేది, విశ్వంలో బంగారం పాలు కూడా మారేది.

ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లిథియం-11 కథ. మూడు ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లు. అర్ధాయువు సెకనులో వెయ్యో వంతులు తొమ్మిది కూడా లేదు. 1985లో తనిహత బృందం అమెరికాలోని బర్క్‌లీలో లిథియం కేంద్రకాలను పలకల మీదికి కొట్టి, ఎన్ని తగులుతున్నాయో, ఎన్ని తప్పించుకుపోతున్నాయో లెక్కపెట్టింది. పెద్ద వస్తువైతే ఎక్కువ తగులుతుంది కదా. లిథియం-9 వరకూ అనుకున్నట్టే వచ్చింది. లిథియం-11 దగ్గర ఒక్కసారిగా లెక్క పెరిగింది. రెండే న్యూట్రాన్లు చేర్చితే అంత ఎందుకు ఉబ్బింది?

1987లో హాన్సెన్, యాన్సన్ జవాబిచ్చారు. ఆ రెండు న్యూట్రాన్లూ లోపలి ముద్దకు దూరంగా, పలచని పొగమంచులా తిరుగుతున్నాయి. మామూలు కేంద్రకంలోంచి ఒక న్యూట్రాన్‌ను లాగాలంటే సుమారు ఎనిమిది మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఇక్కడ రెండింటినీ కలిపి లాగడానికి అర మిలియన్ కూడా అక్కర్లేదు. ఇంకో వింత చూడండి. లిథియం-10 నిలవదు. రెండు న్యూట్రాన్లు తమలో తాము జతకట్టి నిలవలేవు. ముద్ద, రెండు న్యూట్రాన్లు, మూడూ ఉంటేనే నిలుస్తుంది. చేలో కావలికి రెండు కట్టెలు ఒకదానికొకటి ఆనిస్తే పడిపోతాయి, మూడోది చేరిస్తే నిలబడతాయి. ఏ ఒక్కటి లాగినా మొత్తం కూలుతుంది. అచ్చం అలాగే.

ఈ పొగమంచును రుజువు చేసింది కేంద్రక చర్యల సిద్ధాంతం. లిథియం-11ను పగలగొట్టాక మిగిలిన లిథియం-9 ముక్కలు అటూఇటూ చెదరకుండా ఒకే దిక్కున వెళ్లాయి. క్వాంటమ్ సూత్రం ప్రకారం చోటులో విశాలంగా పరుచుకున్నదాని వేగాల పరిధి ఇరుకుగా ఉంటుంది. ఇరుకైన వేగాలను చూసి విశాలమైన పొగమంచును కొలిచారు. కనబడని వస్తువును దాని చెదిరిన ముక్కల నడకతో గుర్తుపట్టడమే ఈ విద్యలోని నేర్పు.

బరువైన కేంద్రకాల దగ్గరికి వస్తే ఇలా ఒక్కో న్యూట్రాన్ వెంట పడటం కుదరదు. లెక్కలో వచ్చే మాత్రికల వరుసలూ నిలువులూ కోట్లలోకి వెళ్తాయి. సాయంత్రం గుంతకల్లు జంక్షన్‌లో నిలబడితే బళ్లారి, రాయచూరు, గుత్తి వైపుల నుంచి దిగే ప్రతి ప్రయాణికుడి పేరూ ఊరూ మనకు తెలియదు. కాని ఏ గంటకు ఎంత రద్దీ ఉంటుందో అక్కడ టీ అమ్మే మనిషికి తెలుసు. కేంద్రకపు శక్తి మెట్లను ఇలా గుంపుగా చూసే విద్యను రాచెస్టర్‌లో జె.బి. ఫ్రెంచ్ పెంచారు. ఆయనతో పనిచేసి, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో దాన్ని దశాబ్దాల పాటు కొనసాగించారు కోట వెంకట కృష్ణ బ్రహ్మం. విదేశీ పత్రికల్లో ఆయన పేరు వి.కె.బి. కోట అని కనబడుతుంది. కణాలు రెండేసి చొప్పున యాదృచ్ఛికంగా తాకుతూ ఉన్నా, మొత్తం మెట్ల పంపకం గంట ఆకారంలో చక్కగా కుదురుతుందని ఈ లెక్కలు చూపిస్తాయి. ఆర్.యు. హక్‌తో కలిసి 2010లో తెచ్చిన సంకలనం, 2014లో యాదృచ్ఛిక మాత్రికల మీద రాసిన గ్రంథం ఈ రంగంలో ఆధార గ్రంథాలు. మెట్లు ఎంత దట్టంగా ఉన్నాయో తెలిస్తేనే ఒక కేంద్రకం న్యూట్రాన్‌ను ఎంత వేగంగా మింగుతుందో చెప్పగలం. అంటే తిరిగి తిరిగి మళ్లీ మన బంగారం దగ్గరికే వచ్చాం.

తెలుగునేల మీద కేంద్రక భౌతిక శాస్త్రానికి పునాది వేసినవాడు ఒక సన్యాసి. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు హిమాలయాల్లో తపస్సు చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధన చేశారు. తర్వాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ ప్రయోగశాలలో బీటా కిరణాలను కొలిచారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, 1956లో అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. వాల్తేరులోని ఆ ప్రయోగశాలలు ఇప్పుడు ఆయన పేరుతోనే ఉన్నాయి. న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేటప్పుడు బయటికి పోయే ఎలక్ట్రాన్‌నే బీటా కిరణం అంటాం. బంగారం ఎక్కిన ఎనిమిది మెట్లలో ప్రతి మెట్టూ అదే. కాషాయం కట్టుకున్న మనిషి ఆ ఎలక్ట్రాన్ శక్తిని కొలుస్తూ కూర్చున్న దృశ్యం తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వజ్రం మాట మరిచిపోలేదు. వజ్రకరూరు వజ్రాలను పైకి తెచ్చిన కింబర్లైట్ శిలల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. ఆ వయసు చెప్పింది కూడా శిలలోని రుబీడియం, యురేనియం కేంద్రకాల క్షయమే. వజ్రమంటే కార్బన్. మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే కార్బన్. కాని రెండు కలిసి ఏర్పడే బెరీలియం-8 ఊహకందనంత తక్కువ కాలంలో విడిపోతుంది, మూడోది వచ్చేదాకా ఆగదు. అయినా లోకంలో ఇంత కార్బన్ ఉంది కాబట్టి, కార్బన్ కేంద్రకంలో సరిగ్గా ఆ శక్తి దగ్గర ఒక మెట్టు ఉండి తీరాలని ఫ్రెడ్ హోయిల్ వాదించాడు. 1953లో కాలిఫోర్నియాలో వెతికితే దొరికింది. 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, మూడు హీలియం ముద్దలు వదులుగా అల్లుకున్న వింత స్థితి అది. ఆ స్థితిని మొదటి సూత్రాల నుంచి లెక్కగట్టడం 2011లో గాని సాధ్యం కాలేదు.

ఈ చదువుకు కొండంత యంత్రం అక్కర్లేదు. యంత్రాలు జపాన్‌లో, జర్మనీలో, అమెరికాలోని మిషిగన్‌లో ఉన్నాయి, వాటి కొలతలు అందరికీ అచ్చులో దొరుకుతాయి. సిద్ధాంతానికి కావలసింది గట్టి గణితం, మంచి కంప్యూటర్, కలిసి కూర్చుని వాదించుకునే నలుగురు మనుషులు. నీళ్లు లేని నేలలో కూడా ఈ పైరు పండుతుంది. అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ రెండూ కలిసి కేంద్రక సిద్ధాంతానికి చిన్నదైనా సరే, ఒక బృందాన్ని నిలబెట్టాలని కోరుతున్నాను. సైన్సు చెప్పే మాస్టర్లకు ఇంకొక మనవి. వచ్చే తొలకరికి పిల్లలను జొన్నగిరి చేలకు తీసుకువెళ్లండి. అక్కడ మట్టిలో నిలబెట్టి, 71 నుంచి 79 దాకా ఆ ఎనిమిది మెట్లూ వాళ్ల చేత లెక్కపెట్టించండి.