ముల్లు కింద నేల

ఎచ్చెర్ల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద బరువు లారీ వెళ్తే, మా ఇంట్లో ముందు సబ్‌వూఫర్‌కే తెలిసేది. రికార్డు తిరుగుతుంటే దాని కాగితపు గరాటు చప్పుడు లేకుండా ముందుకీ వెనక్కీ ఊగేది. వాల్యూమ్ ఇంకాస్త పెంచితే గుయ్యిమని ఊళ.

రికార్డు గాడిలో నడిచే ముల్లుకి పాటేదో నేలేదో తెలియదు. గాడి కదిపినా, బల్ల కదిలినా దానికి ఒకటే. సబ్‌వూఫర్ అదురు నేల వెంట నడిచి, బల్లెక్కి, ముల్లులో దూరి, ఆంప్లిఫయర్‌లో పెరిగి, మళ్ళీ సబ్‌వూఫర్‌లోకే వస్తుంది. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి మునుపటికంటే పెద్దదైతే ఇక ఊళే. పైగా రికార్డు మీద బేస్ తగ్గించి కోస్తారు, వినేటప్పుడు ఫోనో ఆంప్లిఫయర్ దాన్ని తిరిగి పెంచుతుంది. 20 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు 1000 హెర్ట్జ్ స్వరంతో పోలిస్తే సుమారు 9 రెట్లు. నేల అదురుకీ అదే మర్యాద దక్కుతుంది.

ఊళ రాకముందే నష్టం మొదలవుతుంది. నాకు బాధ అదే. మృదంగం తొప్పి మీద దెబ్బ ఎక్కడ ఆగిందో తెలియదు. 1974లో వచ్చిన ఘంటసాల భగవద్గీత పెడితే, ఆ గొంతు అడుగున వినిపించే గాంభీర్యం ఆయనదో మన గదిదో తేలదు. ఆయనది ఆయనకి వదిలెయ్యాలంటే గదిని పక్కకి తప్పించాలి.

రోగం ఎక్కడుందో చూడటం తేలిక. మోటారు ఆపి, కదలని రికార్డు మీద ముల్లు దించండి. వాల్యూమ్ మీద ఒక చెయ్యి ఉంచి మెల్లగా పెంచుతూ, రెండో చేతి వేలి కణుపుతో బల్లని తట్టండి. ఆ తట్టు సబ్‌వూఫర్‌లో దబ్బుమంటే దారి తెరిచే ఉందన్నమాట.

మొదటి మందుకి పైసా ఖర్చు లేదు: చోటు మార్చడం. సబ్‌వూఫర్, టర్న్‌టేబుల్ ఒకే బల్ల మీద ఉండకూడదు. 14 అడుగుల పొడవు గదిలో 40 హెర్ట్జ్ బేస్ రెండు చివరి గోడల దగ్గరా పోగుపడుతుంది, నడిమధ్య పలచబడుతుంది. మూలలు మరీ చెడ్డవి. అందుకే పొడుగు గోడకి నడిమిన బలమైన పలక బిగించి టర్న్‌టేబుల్ దాని మీద పెట్టాను. నేలతో పొత్తు తెగిపోయింది. పాత మట్టిగోడల ఇళ్ళలో గోడ గూడు ఉంటే అంతకంటే మేలైన చోటు లేదు.

అప్పటికీ చాలకపోతే, కింద స్ప్రింగులు, పైన కడప బండ. బరువు పెట్టాక స్ప్రింగు 10 మిల్లీమీటర్లు కుంగితే దాని సొంత ఊపు సెకనుకి 5 సార్లు. ముల్లుని మోసే చెయ్యి (టోన్‌ఆర్మ్) సొంత ఊపు మామూలుగా 8 నుంచి 12 మధ్య ఉంటుంది కాబట్టి స్ప్రింగు ఊపు దానికంటే బాగా కిందుండాలి. గట్టి రబ్బరు ముక్కలు అంత కుంగవు. పాట నడిచేటప్పుడు ప్లాస్టిక్ మూత తీసెయ్యాలి, గాలిలో వచ్చే బేస్‌ని అది డప్పు తోలులా పట్టుకుంటుంది. వంకర తిరిగిన రికార్డులు ఎక్కువుంటే 20 హెర్ట్జ్ కింద కోసే ఫిల్టరు తప్పదు.

ద్వారం వెంకటస్వామినాయుడు గారి 78 ఆర్‌పీఎం ప్లేటు పెట్టిన రోజు మాత్రం వెడల్పు ముల్లు బిగించి, సబ్‌వూఫర్ కట్టేస్తాను. ఆ వయొలిన్‌కి అంత కింద పనిలేదు.